కేసరాలు లెక్కపెట్టని పాపానికి

కాప్రా చెరువు గట్టు మీద రోజూ పొద్దున్నే నడుస్తాను. అంచున జమ్ము పక్కన నడుమెత్తు పెరిగే మొక్క ఒకటుంది. నాలుగు రేకుల పసుపు పువ్వు. పేరేంటి తాతయ్యా అని మనవరాలు అడిగితే ఫోటో తీసి ఫోన్‌లో యాప్‌కి చూపించాను. అర నిమిషంలో ‘లుడ్విజియా పెరెన్నిస్’ అని వచ్చింది.

ఇంకేం, వాకింగ్ మిత్రులందరికీ క్లాసు పీకాను. పెరెన్నిస్ అంటే ఏళ్ల తరబడి బతికేది, పేరులోనే ఉంది చూడండి అని. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ఒకాయన మాత్రం “ఖాయమేనా సార్?” అన్నాడు. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ణి, నన్నా అడిగేది? పౌరుషం కొద్దీ కొమ్మ తుంచి, ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, ఆటోలో ఒక కాలేజీ బోటనీ డిపార్ట్‌మెంటుకు బయల్దేరాను.

గేటు దగ్గర లెటర్ ఉందా అన్నారు. పువ్వు చూపించడానికి లెటరేమిటి! గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పంపారు. లెక్చరరమ్మ నా మనవరాలికి అక్కలా ఉంది. కవరు విప్పి, “పువ్వేది సార్?” అంది. కవరు లోపలంతా చెమట పట్టినట్టు నీళ్లు, అడుగున నలిగిన నాలుగు రేకులు. కొమ్మ తోటకూర కాడలా వేలాడింది. చుట్టూ నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు.

“కేసరాలు ఎన్నున్నాయి?”

“లెక్కపెట్టలేదమ్మా.”

“కాయ తెచ్చారా? మొదలు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?”

పరీక్షలో తెల్లకాగితం ఇచ్చినట్టుంది నా పరిస్థితి. పరువు దక్కించుకుందామని “పెరెన్నిస్ కదా, బహువార్షికం” అన్నాను. ఆమె కూడా నవ్వేసింది. మొక్కలకు పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో ఆ పేరు పెట్టాడు గానీ, పెరెన్నిస్ ఒక్క ఏడాది బతికే మొక్కేనట. దానికి కేసరాలు మామూలుగా నాలుగే, కాయ కూడా పొట్టిది.

మర్నాడు తెల్లారేసరికి మనవరాలి భూతద్దం పట్టుకుని బురదలో దిగాను. కేసరాలు ఎనిమిది! కాయ వేలంత పొడుగు, దాని మీద ముదురు రంగు గీతలు ఎనిమిది, కొసన నాలుగు రక్షకపత్రాలు రాలకుండా నిలిచి అచ్చం లవంగంలా ఉంది. మొదలు కట్టెలా గట్టిపడింది. ఈసారి కాయతో సహా తడి న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్లాను. మీరూ అలాగే చేయండి, ప్లాస్టిక్ కవరు జోలికి పోకండి. గేటు దగ్గర లెటరడిగితే మేడమ్ రమ్మన్నారని చెప్పండి.

మేడమ్ చూసి అసలు పేరు చెప్పింది: లుడ్విజియా ఆక్టోవాల్విస్. ఆక్టో అంటేనే ఎనిమిది. మనదే, దేశవాళీ మొక్క, నిజంగా బహువార్షికం. పాత పుస్తకాల్లో జుస్సియా సఫ్రుటికోసా అని ఉంటుందట. అమెరికా నుంచి వచ్చి తడినేలలు ఆక్రమించే పెరువియానా కూడా ఈ లుడ్విజియాల్లోదే, కానీ దాని కాయ పొట్టిగా, పలకలు తేలి, పైన వెడల్పుగా ఉంటుంది.

ఈ పొద్దున గట్టు మీద ఆ ‘ఖాయమేనా’ ఆసామీయే కొత్తవాళ్లకు మొక్క చూపిస్తూ, “ఇది పెరెన్నిస్, మా సార్ కాలేజీకి వెళ్లి మరీ కనుక్కున్నారు” అంటున్నాడు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను.