గట్టు 7 మీద సున్నం

ఈయన ఎప్పుడో పడుకున్నారు. అత్తయ్యగారి గదిలో కూడా లైటు ఆరిపోయింది. నాకు మాత్రం మంట చల్లారలేదు, అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నాను.

కాలవ వైపు ప్రహరీ మీద చిన్నోడు, మా మేనల్లుడు, స్ప్రే రంగులతో వేసిన గ్రాఫిటీ తెల్లారేసరికి లేదు. దాని మీద చిక్కగా సున్నం పూసేసి, ఏదో కోచింగ్ సెంటరు వాళ్ళ ప్రకటన రాసేసి పోయారు. సీట్లు పరిమితమట. కింద ఫోన్ నంబరు. గోడ మాది, ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఈయన చూసి "పోనీలే, ఎలాగూ వానలకి పెచ్చులూడిపోయే గోడే కదా" అన్నారు. ఆ "పోనీలే" ఉంది చూశారూ, దానికి ఇంకా ఒళ్ళు మండింది నాకు.

వాడెంత కష్టపడ్డాడో నేను చూశాను. ముందు నల్లట్ట పుస్తకంలో పెన్సిల్‌తో వేసుకున్నాడు. దాన్ని బ్లాక్ బుక్ అంటారు, ప్రతి రైటరు దగ్గరా ఒకటి ఉంటుందట. గ్రాఫిటీ వేసేవాళ్ళు తమని ఆర్టిస్టులని చెప్పుకోరు, రైటర్లమనే చెప్పుకుంటారు. తర్వాత గోడకి పట్టిన పాచి గీకాడు, కడిగాడు, ఆరబెట్టాడు. మన కాలవ గట్ల మీద గోడ ఆరడమంటే మాటలు కాదు కదా, కింద నుంచి చెమ్మ పాకుతూనే ఉంటుంది. అప్పుడు స్ప్రే డబ్బాలు దింపాడు. డబ్బా మీద నొక్కే మూతని క్యాప్ అంటాడు. లావు గీతకి ఫ్యాట్ క్యాప్, సన్న గీతకి స్కిన్నీ క్యాప్.

రాసింది "గట్టు 7". ఆ లోకంలో వాడి పేరదే. గట్టు మీద ఇల్లు, ఏడో వార్డు. ఈ అంకె తగిలించుకోవడం న్యూయార్కు నుంచి వచ్చిన పద్ధతి. అక్కడ టాకి 183 అని ఒక కుర్రాడుండేవాడు. ఉండేది 183వ వీధి. ప్యాకెట్లు అందించే పని మీద ఊరంతా తిరుగుతూ, వెళ్ళిన చోటల్లా మార్కరుతో పేరు రాసేవాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ అతని గురించి రాశాక ఇక ఆ ఊళ్ళో కుర్రాళ్ళని పట్టుకునేవాడు లేకపోయాడు. అంతకు ముందే ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే ఆయన ఇదే పని చేశాడని వాడు గట్టిగా చెబుతాడు. తాతలెవరో తెలియకుండా రాయకూడదంటాడు. ఆ మాట నాకు నచ్చింది.

"ట్టు" దగ్గర చాలాసేపు ఆగాడు. వైల్డ్ స్టైల్ అని ఒకటుంది, అక్షరాలు ఒకదాన్లో ఒకటి దూరిపోయి, కొసలన్నీ బాణాలై బయటికొస్తాయి. ఇంగ్లీషు వాళ్ళు ఆ బాణాలని ఊహించి అతికించుకోవాలి, మనకి పుట్టుకతోనే ఉన్నాయి కదా అత్తా అన్నాడు. "గ" తలకట్టు పైకి లేపాడు, కొమ్ముని సాగదీసి గేటు దాకా లాక్కెళ్ళాడు, వత్తుని నేలకి తన్నినట్టు దించాడు. చివర్న పసుప్పచ్చ అంచు. నిన్న సాయంత్రం కాలవ నీళ్ళ మీద ఎండ పడి ఆ అంచు మీదకి మెరుస్తుంటే అత్తయ్యగారు కూడా కుర్చీ గేటు దాకా వేయించుకుని కూర్చున్నారు. పొద్దున వాడు ఫోనులో "బాంబింగ్" అంటుంటే బెదిరిపోయిన మనిషి ఆవిడ. ఒకే రాత్రి దొరికిన గోడలన్నిటి మీదా పేరు రాసుకుంటూ పోవడమని వాడు విడమరిచాక గానీ కాఫీ తాగలేదు.

అదంతా పోయింది.

వీళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. క్షణాల్లో గీసే సంతకం ట్యాగు. ఉబ్బిన అక్షరాలతో ఒకటి రెండు రంగుల్లో గబగబా వేసేది త్రో-అప్. ఆ బుడగ అక్షరాలకి దారి వేసినవాడిగా ఫేజ్ 2 అనే ఆయన పేరు చెబుతారు. తీరిగ్గా, రంగులన్నీ పెట్టి వేసేది పీస్. ట్యాగు మీద త్రో-అప్ వెయ్యొచ్చు, త్రో-అప్ మీద పీస్ వెయ్యొచ్చు. పీస్ మీద చెయ్యి పెట్టాలంటే మాత్రం అంతకన్నా గొప్పది వెయ్యగలగాలి. పనితనం లేకుండా ఒకరి పని మీద గీకేవాణ్ణి టాయ్ అంటారు. ఆ లోకంలో అంతకన్నా చులకన మాట లేదు.

మన దగ్గర మాత్రం లేదా? ఎన్నికలప్పుడు ఒక పార్టీ వాళ్ళు మూలన పార్టీ పేరు వేసి "రిజర్వ్" అని రాసి పోతే, రెండో పార్టీ వాడు ఆ గోడ ముట్టుకునేవాడు కాదు. ఊళ్ళో తలలు పగిలేంత కక్షలున్నా గోడ మర్యాద గోడకుండేది.

న్యూయార్కులోనే 5పాయింట్జ్ అని పాత ఫ్యాక్టరీ ఒకటుండేది, లోపలా బయటా అన్నీ రాతలే. సొంతదారుడే ఏళ్ళ తరబడి వేసుకోనిచ్చాడు. అపార్టుమెంట్లు కడదామని 2013 నవంబరులో రాత్రికి రాత్రి తెల్ల రంగు పూయించేశాడు. 21 మంది కోర్టుకెళ్ళారు. బిల్డింగు అతనిదే అయినా, ముందుగా చెప్పి వ్యవధి ఇవ్వకుండా చెరిపినందుకు 2018లో 67 లక్షల 50 వేల డాలర్లు కట్టమంది కోర్టు. తన గోడ తను చెరుపుకున్నవాడికే అంత పడింది. మా గోడ చెరపడానికి వీళ్ళెవరు? మన రాష్ట్రంలోనూ 1997 చట్టముంది, బయటికి కనబడే చోట్లని రాతలతో, పోస్టర్లతో పాడు చెయ్యకూడదని.

ఇంత కోపంలోనూ మా నాన్న గుర్తొచ్చారు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, రైసు మిల్లు గోడ మీద పేరు రాయడానికి ఏటా సంక్రాంతి ముందు ఒకాయన వచ్చేవాడు. సైకిలు హ్యాండిలుకి రంగు డబ్బాలు, చంకలో కుంచెల సంచి. దారానికి నీలిమందు పొడి పట్టించి, ఒక కొస నా చేతికిచ్చి, లాగి వదిలేవాడు. టప్పుమని గోడ మీద నీలం గీత. ఆ గీత మీద సుద్దతో అక్షరాలు, వాటి మీద ఎనామిల్. ఎడం చేతిలో వెదురు కర్ర గోడకి ఆన్చి, దాని మీద కుడి మణికట్టు పెట్టి, "శ్రీ" మొదలెడితే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. మెలిక తిరిగే చోట కుంచె ఎత్తేవాడు కాదు, వేళ్ళ మధ్య తిప్పేవాడంతే. అక్షరానికి కుడి పక్కన, కింద, సన్నగా నీడ. అన్నీ అయ్యాక ఓ మూలన తన పేరూ ఊరూ వేలెడంత. మా నాన్న "అది పెద్దగా రాసుకోవయ్యా" అంటే "ఆయ్, చాలండి" అనేవాడు. ఫ్లెక్సులొచ్చాక ఆయన రావడం మానేశాడు. మిల్లుకీ ఫ్లెక్సే కట్టారు.

ఇంతవరకూ రాసి లేచాను. ఆ ఫోన్ నంబరు రాసుకుందామని టార్చి పట్టుకుని గోడ దగ్గరకి వెళ్ళాను.

నంబరూ, సీట్ల సంగతీ రేకు అచ్చు పెట్టి కొట్టినవే, అంచులు కారిపోయి ఉన్నాయి. పై వరస మాత్రం చేత్తో రాసింది. ఎరుపు. ప్రతి అక్షరానికీ కుడి పక్కన, కింద, నల్లటి నీడ. "క్ష" మెలిక దగ్గర ఎక్కడా కుంచె ఎత్తిన జాడ లేదు. సున్నం పూర్తిగా ఆరకముందే, చీకట్లో, ఎవరూ లేవకముందు రాసిన చెయ్యి అది. మూలలన్నీ వెతికాను. పేరు లేదు.

పొద్దున పాలబ్బాయి, ఎవరో పెద్దాయన సైకిలు మీద వెళ్ళాడమ్మా అంటే పట్టించుకోలేదు నేను. టాయ్ అని పొద్దుటి నుంచీ ఎవర్ని తిడుతున్నానో ఆ మనిషి కింగ్, ఆ లోకంలో పనితనానికి ఇచ్చే పెద్ద పేరది. ఆ పూట కూలి కోసం రాసి ఉంటాడు, గోడ ఎవరిదో, అడిగారో లేదో ఆయనకెవరు చెబుతారు? ఆయన మీద కోపం నిలవట్లేదు. పంపినవాళ్ళ మీద ఒక్క పిసరు తగ్గలేదు. ఆ న్యూయార్కు కుర్రాళ్ళు మాత్రం రైళ్ళ మీద రాసేటప్పుడు రైలు వాళ్ళని అడిగి రాశారా అని ఈయన వాదిస్తారని తెలుసు. అడగలేదు. కానీ పట్టుబడితే తన్నులు తినేది వాళ్ళే, రాసింది వాళ్ళ పేరే. ఇక్కడ పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది.

చిన్నోణ్ణి లేపి చూపించాను. వాడు ఫోను లైటు వేసుకుని ఆ "క్ష" ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఫోటోలు తీశాడు. "పై వరస ముట్టుకోను అత్తా. కింద అచ్చు కొట్టింది చెరిపి అక్కడే వేస్తాను. ఆయనెవరో కనుక్కో, ఈ నీడ ఎలా పట్టాలో నేర్చుకోవాలి" అన్నాడు.

నేనింకా ఒప్పుకోలేదు. వాళ్ళ సెంటరు పేరు మా గోడ మీద ఎందుకుండాలి? పొద్దున్నే ముందు ఆ నంబరుకి ఫోను చేస్తాను. కుర్రాడి రంగు డబ్బాల ఖర్చు కక్కించాలి, ఆ పెద్దాయనకి ఎంతిచ్చారో అడగాలి, ఆయన ఊరేదో చెప్పించాలి. పై వరస సంగతి ఆ తర్వాత.