డిక్టేషన్‌లో సముద్రం

ఈరోజు మూడో తరగతికి డిక్టేషన్ చెబుతూ ‘సీ’ అన్నాను. సగం మంది ఎస్ ఈ ఈ, సగం మంది ఎస్ ఈ ఏ, వెనక బెంచీ పిల్లాడైతే ఒట్టి ‘సి’ అక్షరం రాసి పెన్సిల్ కింద పెట్టేశాడు. నిజానికి అందరూ కరెక్టే, వాక్యంలో పెట్టకుండా విడి మాట చెప్పిన నాదే తప్పు. తర్వాత ‘రైట్’. రాయడమా, కుడి పక్కా, ఒప్పా టీచర్ అన్నారు. రాయడం అంటే, పలకని డబ్ల్యూ ముందెందుకని ఇంకో ప్రశ్న. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు పలికేవాళ్ళురా, నోరు మానేసింది గానీ రాత మానలేదు అన్నా.

మన తెలుగే నయం, పలికినట్టే రాస్తాం అని కాస్త గొప్పలకు పోయి ‘రాత్రి నాకు కల వచ్చింది’ రాయమన్నా. నలుగురు ‘కళ’ రాశారు. కోప్పడబోతే ముందు వరుస పాప, ‘మీరు రెండూ ఒకేలా అంటారు టీచర్’ అంది! నాలుక మడిచి ళ, ళ అని నేను తంటాలు పడుతుంటే క్లాసంతా ఒకటే నవ్వు.

రేపట్నుంచి బొమ్మలే. కల పక్కన దిండు, కళ పక్కన గజ్జెలు, వేళ పక్కన గడియారం. ‘వేల’కి నోట్ల కట్ట గీస్తానని ఆ వెనక బెంచీవాడు ముందే బుక్ చేసుకున్నాడు.