మా తాతగారి తాత గయలో పెట్టిన బాకీ

మా ఇంట్లో కంద వండరు. కోనసీమలో పుట్టి కంద తినని ఇల్లు ఉంటుందా అని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఆశ్చర్యపోయింది. పెళ్ళిళ్ళలో కంద బచ్చలి కూర వడ్డిస్తున్నప్పుడు మేము విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం చూసి బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. కారణం అడిగితే మా నాయనమ్మ దగ్గర ఒకటే సమాధానం ఉండేది: "మీ తాతగారి తాతగారు గయలో వదిలేశారు, అందుకని." గయకు వెళ్ళినవారు అక్కడ ఒక కూర వదిలి, మళ్ళీ జన్మలో తినరు కదా. అదే నాయనమ్మ వేసవి రాత్రుళ్ళు వాకిట్లో మంచాలు వేసుకున్నప్పుడు, ఆయన కాశీకి కాలినడకన వెళ్ళి, అక్కడే సన్యాసం పుచ్చుకుని, మరి తిరిగి రాలేదని కూడా చెప్పేది. ఈ రెండు మాటలూ ఒకే నోట విన్నవాణ్ణే అయినా, తిరిగి రాని మనిషి ఏ కూర వదిలాడో ఇంట్లో వాళ్ళకు ఎలా తెలిసిందన్న అనుమానం నాకు ఉద్యోగ విరమణ అయ్యేదాకా తట్టలేదు.

అనుమానం వచ్చాక ఊరుకోలేకపోయాను. ఒక కార్యాలయం చుట్టూ రెండేళ్ళపాటు తిరిగి, ప్రతిసారీ "రేపు రండి" అనిపించుకుని, చివరికి మా ఊరి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మా కుటుంబానికి సంబంధించిన పుట నకలు సంపాదించాను. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, పన్ను మినహాయింపు ఉన్న భూములను ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉన్నాయో ఊరూరా విచారించి రాయించిన రిజిస్టర్లు ఇవి. ఇనాందారు పేరుతో పాటు అతని వయస్సు కూడా ఒక గడిలో ఉంటుంది కాబట్టి వంశవృక్షం కట్టుకునేవాడికి అంతకు మించిన ఆధారం దొరకదు. 1860ల నాటి మా పుటలో ఉన్నది సన్యాసి తాతగారు కాదు, ఆయన తండ్రి. వయస్సు ముప్పై ఎనిమిది. ఆ పేరు అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, మొన్న మాఘమాసంలో మా ఆవిడతో కలిసి కాశీ మీదుగా గయకు బయలుదేరాను.

కాశీ గురించి రాయను. రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, చదివేవాళ్ళలో సగంమంది వెళ్ళి వచ్చినవాళ్ళే. కాశీ నుంచి గయకు రెండువందల యాభై కిలోమీటర్ల దూరానికి కారువాడు తొమ్మిదివేలు అడిగి, ఏడున్నరకు దిగి, ససారాం దాటాక టోలు డబ్బులు వేరన్నాడు. మనవాళ్ళంతా తెల్లవారుజామున కాశీలో బయలుదేరి, మధ్యాహ్నానికి గయలో పిండప్రదానం ముగించి, రాత్రికి మళ్ళీ కాశీ చేరుకుంటారు కాబట్టి, నేను గయలో మూడురోజులు ఉంటానంటే ఆ కుర్రవాడికి నా మీద జాలి వేసినట్టుంది. "అక్కడ మూడురోజులు ఏముంటుంది సార్?" అని రెండుసార్లు అడిగాడు.

మా నాన్నగారు 1978లో గయకు వెళ్ళివచ్చి, ఫల్గుణీ నదిలో ఇసుక తవ్వి చెలమలో ఊరిన నీళ్ళతో తర్పణం వదిలామని, సీతమ్మవారి శాపం వల్ల ఆ నది ఇసుక కింద పారుతుందని కథలా చెప్పారు. నేను ఆ ఇసుకను చూడాలనుకుని వెళ్తే విష్ణుపాదం ముందు నది నిండా నీళ్ళున్నాయి. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్ళు. మంచిదే, ముసలివాళ్ళు ఎండలో ఇసుక తవ్వుకునే బాధ తప్పింది. అయినా నాన్నగారు చెప్పిన నది కనబడలేదన్న చిన్న అసంతృప్తి నాలో మిగిలింది. గుడి మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది: 1787లో ఇండోరు రాణి అహల్యాబాయి కట్టించిన రాతి మండపం, నడుమ వెండి కట్టు లోపల పాదం గుర్తు.

గయలో తరతరాలుగా తీర్థపురోహితులైన గయావాళీ పండాల ఇళ్ళు ఆ గుడి చుట్టూ ఉన్న సందుల్లోనే ఉంటాయి. మనకు మంత్రం చెప్పి శ్రాద్ధం చేయించేది తెలుగు పురోహితుడే అయినా, చివర అక్షయవటం అనే మర్రిచెట్టు దగ్గర "సుఫలం", అంటే చేసిన శ్రాద్ధం ఫలించిందని, పలకవలసింది గయావాళీయే. ఏ ప్రాంతం యాత్రికులు ఏ ఇంటివారి యజమానులో, అంటే ఎవరి చేత కర్మ చేయించుకోవాలో, తరతరాలుగా పంచుకుని ఉంటారు. ఆ హక్కుకు దస్తావేజులాంటివి వారి బహీలు. వచ్చిన యాత్రికుడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, వెంట వచ్చినవారు, ఇచ్చిన దక్షిణ, ఇస్తామని ఒప్పుకున్న దక్షిణ అన్నీ అందులో రాసి, కింద యాత్రికుడి చేత వాళ్ళ భాషలో సంతకం పెట్టిస్తారు. మనం వంశచరిత్ర అనుకుంటాం గాని వారికి అది ఖాతా పుస్తకం, అందుకే అంత భద్రంగా మిగిలింది.

మాకు సత్రం వాళ్ళు చూపించిన పండాగారు నడివయస్కుడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. "ఏ జిల్లా యజమానీ?" అన్నాడు. "కోనసీమ" అన్నాను. అలాంటి జిల్లా తన దగ్గర లేదన్నాడు. నిజమే, అది 2022లో పుట్టిన జిల్లా. తూర్పు గోదావరి అన్నాను. ఆ పేరు మీద తెచ్చిన పుస్తకం 1925 తరువాతిది. రెండు గోదావరి జిల్లాలు విడిగా ఏర్పడింది అప్పుడే. అంతకుముందు అది ఉత్త గోదావరి జిల్లా, 1859కి ముందు రాజమండ్రి జిల్లా. మా ఊరు కదలకుండా ఉన్నచోటే ఉండి నాలుగు జిల్లాలు మారిందన్న సంగతి నాకు తెలిసిందే గాని, ఒక మనిషిని వెతకడానికి ఆ నాలుగు పేర్లూ వరుసగా అప్పచెప్పవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు. "పాత గోదావరి మా దగ్గర ఉండదు. అన్నదమ్ముల పంపకాల్లో అమలాపురం తాలూకా మా చిన్నతాత వాటాకు పోయింది" అని ఆయన తేల్చేసరికి మొదటి రోజు గడిచిపోయింది.

ఆ చిన్నతాత వాటా ఇల్లు రెండు సందుల అవతల ఉంది. అక్కడ ఒక వృద్ధుడు, ఎనభై దాటి ఉంటాయి, నులకమంచం మీద ఎండ కాచుకుంటున్నాడు. ఆయనకు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. నాకు హిందీ అంతకన్నా కొంచెం ఎక్కువ. తాలూకా పేరు వినగానే కొడుకును పిలిచి, లోపలినుంచి ఎర్రగుడ్డలో చుట్టిన మూడు బహీలు తెప్పించాడు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, పొడవాటి వైపు కుట్టిన పుస్తకాలవి. చెదపురుగు ఒక పుస్తకం అంచును గోదావరి పాయలాగా తొలిచింది. గుమాస్తాలు రాసిన భాగం కైథీ లిపిలో ఉంది. బీహారులో ఒకప్పుడు కోర్టు కాగితాలకూ లెక్కలకూ వాడిన లిపి అది. కొడుకు చదవలేడు, ముసలాయన చదువుతాడు. ఒక్కొక్క ఊరి పేరు ఆయన తన యాసలో పలుకుతుంటే, అది మా పక్క ఊరా, కాలువ అవతలి ఊరా అని నేను ఊహించుకోవలసి వచ్చేది. "ఏవండీ, మూడోసారి చదివింది మన ఊరేమో" అని మా ఆవిడే పట్టుకుంది.

ఆ పుటలో కైథీ అక్షరాల కింద అయిదు వరుసల తెలుగు ఉంది. గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా రాసినది. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా మా పెదనాన్నగారు కరణం పని చేసిన ఇంట్లో పెరిగినవాణ్ణి గనుక ఆ రాతతో నాకు కొంత పరిచయం ఉంది. అయినా మొదటి వరుస విడదీయడానికి పావుగంట పట్టింది. ఖర నామ సంవత్సర మాఘ బహుళ పంచమి. తండ్రి పేరు, ఊరు, ఆ తరువాత ఇంటిపేరుతో "వ్రాలు", అంటే సంతకం. నేను కవరులోంచి ఇనాం రిజిస్టరు నకలు తీసి పక్కన పెట్టాను. తండ్రి పేరు అక్షరం తేడా లేకుండా కలిసింది. ముసలాయన నా ముఖం చూసి, కొడుకుతో మంచినీళ్ళు తెమ్మన్నాడు.

కలిసిందని సంబరపడి ఊరుకుంటే పొరపాటు. ఖర అరవై ఏళ్ళకొకసారి వచ్చే సంవత్సరం. అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. 1860లలో ముప్పై ఎనిమిదేళ్ళున్న మనిషికి 1832లో సంతకం పెట్టగల కొడుకు ఉండడు. 1952 నాటికి ఆ కొడుక్కి నూరేళ్ళు దాటి ఉండాలి. కాబట్టి 1892 ఫిబ్రవరి. ఆ లెక్క తేలగానే కాలినడక కథ మీద కూడా నాకు నమ్మకం సడలింది. గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని రాలేదు, నిజమే. కాని బెజవాడకు హైదరాబాదు వైపునుంచి రైలు 1889కే వచ్చింది. కాలువల మీద పడవలో బెజవాడ చేరి, అక్కడ బండి ఎక్కగలిగిన మనిషి, వెంట ఆడవాళ్ళను పెట్టుకుని దండకారణ్యంలో నడిచి ఉంటాడా?

వెంట ఆడవాళ్ళున్నారు, అదే నేను ఊహించనిది. సంతకానికి పైన, వచ్చినవారి వరుసలో, ఆయన భార్య పేరు, దాని పక్కన "అప్పగారు" అని ఇంకొక పేరు ఉన్నాయి. అప్పగారంటే అక్క. అలాంటి అక్క ఒకామె ఉన్నట్టు మా ఇంట్లో ఏ ముసలమ్మా ఎన్నడూ చెప్పలేదు.

ఈలోగా ముసలాయన వేలు కైథీ వరుసల చివర ఆగింది. నవ్వు ఆపుకుంటూ కొడుకుతో ఏదో అన్నాడు. కొడుకు నావైపు తిరిగి, "యజమానీ, మీవాళ్ళు పాతిక రూపాయలు ఒప్పుకుని పది ఇచ్చారట, పదిహేను బాకీ" అన్నాడు. నూట ముప్పై ఏళ్ళ వడ్డీ ఎంతవుతుందోనని నాకు నిజంగానే గుబులు పుట్టింది. ఆ ఊళ్ళో అప్పటికే టీకి ఇరవై, గది అద్దెకు రెండువేల రెండువందలు, ప్రతి మెట్టు దగ్గరా పది పెట్టి విసిగి ఉన్నాను. "కాదు కాదు, చెల్లిపోయింది" అని ముసలాయనే పుట తిప్పాడు. వెనక ఒక చిన్న కాగితం దారంతో కుట్టి ఉంది. పంటలు ఇంటికి చేరే రోజుల్లో గయావాళీల గుమాస్తాలు దక్షిణాది ఊళ్ళు తిరిగి, ఒప్పుకున్న సొమ్ము వసూలు చేసుకుని, ఇచ్చినవారి చేత రాయించుకుని వచ్చేవారట. ఆ కాగితం మీద ఉన్నదీ అదే చేతిరాత: "విజయ నామ సంవత్సర పుష్య శుద్ధ దశమి. గుమాస్తాకు యిచ్చిన రూపాయలు 15. అప్పగారు కాశీలో నిలిచిపోయినది గనుక ఆమె పేర వొప్పుకున్నదిన్నీ నేనే చెల్లించినాను."

విజయ అంటే 1894 జనవరి. అంటే, గయకు వెళ్ళిన రెండేళ్ళకు ఆయన మా ఊళ్ళో, మా ఇంట్లో కూర్చుని, కలం పట్టుకుని రాశాడు. సన్యాసమూ లేదు, అంతర్ధానమూ లేదు. ఇంటికి వచ్చాడు, కంద మానేశాడు, బాకీ తీర్చాడు. కాశీలో ఉండిపోయింది అక్కగారు. ఆ రోజుల్లో కాశీవాసానికి వెళ్ళి తిరిగి రాని ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. తోడబుట్టినవాడి ఇంట్లో ఉన్న ఆమె భర్త పోయిన మనిషే అయి ఉంటుందని నా ఊహ, కాగితంలో ఆ మాట లేదు. ఆమె కథను మా ఇల్లు మూడు తరాలలో ఎప్పుడో ఆమె దగ్గరనుంచి తీసి తమ్ముడికి తొడిగింది. మగవాడు కాశీలో ఉండిపోతే సన్యాసం, వంశానికి గొప్ప. అక్క ఉండిపోతే, ఎందుకు ఉండిపోయిందని ఎవరైనా అడగవచ్చు. నాయనమ్మ అబద్ధం చెప్పిందని నేను అనుకోను. ఆమెకు అందిందే అలా అంది ఉంటుంది. కూర గురించిన ముక్క ఒక్కటి మార్చడం మరిచిపోయారు, అంతే.

పుటను ఫోటో తీసుకుంటానంటే కొడుకు మొదట ఒప్పుకోలేదు. ఆ పుస్తకమే వారి జీవనాధారమని, ఫోటోలు బయటికి పోతే రేపు వేరొకరు యజమానులు తమవారంటారని అన్నాడు. అందులో తప్పేమీ నాకు కనబడలేదు. చివరికి మా వరుసలు తప్ప మిగతావి తెల్లకాగితంతో కప్పి రెండు ఫోటోలు తీసుకోనిచ్చారు. ఇచ్చిన దక్షిణ ఎంతో రాస్తే మా అన్నయ్య చదివి తిడతాడు.

మూడవరోజు పొద్దున్న పిండాలు పెట్టేటప్పుడు నేను ఆమె పేరు కూడా చెప్పాను. తెలుగు పురోహితుడు గోత్రం అడిగాడు. పెళ్ళయిన ఆడదానికి మెట్టినింటి గోత్రం చెప్పాలి, ఆ ఇల్లు ఏదో మాకు తెలియదు. బహీలో ఆమె పేరు పక్కన గోత్రం గడి ఖాళీగా ఉంది. "తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకోండి, శాస్త్రం ఒప్పుకుంటుంది" అని ఆయన మంత్రం అందుకున్నాడు. కూర వదలమన్నప్పుడు మా ఆవిడ కాకరకాయ వదిలింది, అది ఆమె ఎన్నడూ తినదు. నాకు కంద ఇదివరకే పోయింది గనుక పొట్లకాయ వదిలాను.

సాయంత్రం మళ్ళీ ముసలాయన ఇంటికి వెళ్ళి కొత్త బహీలో మా పుట రాశాను: నా పేరు, నాన్నగారు, తాతగారు, అలా పైకి ఇనాం రిజిస్టరులోని పెద్దాయన దాకా, ఆయన కొడుకు పక్కన, అదే వరుసలో, కూతురి పేరు కూడా వేశాను. జిల్లా అని ఉన్నచోట కోనసీమ అని రాశాను. ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని కొడుకు చేత చదివించుకుని, కలం తీసుకుని, పక్కన వణికే చేత్తో కైథీలో ఏదో చేర్చాడు. ఏమిటని అడిగాను. "గోదావరి, అమలాపురం తాలూకా" అన్నాడు.