మా చెరువులో జమ్ము

పొద్దున్నే చిన్నాన్న ఫోన్ చేసి చెరువు గట్టు మీదికి రమ్మన్నాడు. జమ్ము, అదే నీళ్ళలో పెరిగే పొడుగు గడ్డి, చెరువంతా కమ్మేస్తోంది, జేసీబీ పెట్టి వేళ్ళతో సహా తీయించేద్దామని ఊళ్ళో అనుకుంటున్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షనే. టీ తాగి వెంటనే బయల్దేరాను.

మాది టెక్కలి వైపు ఊరు. గొట్టా బ్యారేజి నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ నీళ్ళూ, వాన నీళ్ళూ కలిసి ఈ చెరువు నిండుతుంది. ఉత్తరం వైపు ఊరి మురుగు కాలువ కూడా ఇందులోనే కలుస్తుంది. జమ్ము ముందు అక్కడే మొలిచింది. ఇప్పుడు గట్టు పొడవునా మనిషిని మించిన ఎత్తులో నిలబడి ఉంది. పొలాలకు నీళ్ళు సరిపోవని రైతులు భయపడుతున్నారంటే అందులో తప్పేమీ లేదు. ఎండిన ఆకులన్నీ అడుగున పడి, వాటికి ఒండ్రు తోడై చెరువు పూడిపోతుంది. నీళ్ళు కదలని చోట దోమలు పెరుగుతాయి. ఇవన్నీ నిజమే.

కానీ మొత్తం పీకేస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించడం లేదు.

గట్టు దిగి ఒక కంకి కోశాను. గోధుమరంగు కంకి ఆడపూలది. దాని పైన, కొంచెం ఖాళీ వదిలి, మగపూల కాడ ఉంటుంది. పుప్పొడి గాలికి రాలిపోయాక మగపూలూ రాలి ఉత్త పుల్ల మిగులుతుంది. ఫాల్గుణం ఎండకు కంకులు పగలడం మొదలైంది. చేత్తో నలిపితే గుప్పెడు దూది వచ్చింది. ఆ దూదిలో ఒక్కో పోగుకూ ఒక్కో గింజ. ఒక్క కంకిలో లక్షకు పైగా గింజలు ఉండొచ్చు. తడి బురద ఖాళీగా కనిపిస్తే చాలు, అవి మొలుస్తాయి. జేసీబీతో గీకి వదిలేస్తే మిగిలేది సరిగ్గా అలాంటి బురదే. పైగా మట్టిలో అడ్డంగా పాకే దుంప ముక్కలవుతుంది. కణుపున్న ప్రతి ముక్కా మళ్ళీ మొక్కే.

చిన్నాన్నకు ఒక ఆకు మొదలు అడ్డంగా కోసి చూపించాను. లోపల తేనెపట్టులా చిన్న చిన్న గదులు. బురదలో గాలి ఉండదు కాబట్టి పై ఆకులు గాలిని ఈ గదుల గుండానే కింది దుంపకు పంపుతాయి. ఎండిపోయిన కాడలు కూడా గొట్టాల్లా పనికొస్తాయి. అందుకే జమ్మును తగ్గించే దారి కూడా అక్కడే ఉంది. ఎండాకాలం చివర్లో, నీళ్ళు బాగా తగ్గినప్పుడు, పచ్చివీ ఎండువీ నేలమట్టంగా కోసెయ్యాలి. వానలకు నీళ్ళెక్కి ఆ మోళ్ళు మునిగిపోతే దుంపకు గాలి అందక కుళ్ళిపోతుంది. నీళ్ళ పైన మోడు మిగిలితే మాత్రం ఫలితం ఉండదు.

"ఇదేదో బాగానే ఉందిరా. మరి పాములో?" అన్నాడు చిన్నాన్న.

పాములు ఉంటాయి, కాదనను. నీటికోళ్ళూ ఉంటాయి. మేం మాట్లాడుతుండగానే ఊదా నీలం ఒళ్ళు, ఎర్ర ముక్కు ఉన్న ఒక నీటికోడి జమ్ము మొవ్వును కాలితో పట్టుకుని కొరుక్కుతింటూ కనిపించింది. చారల గిజిగాడు గూడు కట్టుకునేది కూడా ఇలాంటి చోటే. తేలినీలాపురంలో చింతచెట్ల మీద దిగే పెలికాన్లను చూడ్డానికి జనం కార్లు కట్టుకుని వస్తారు. అది మా జిల్లాకు గర్వమే. మా చెరువు పక్షుల వైపు మాత్రం ఎవరూ చూడరు. చిన్నాన్న మనసు మెత్తబడింది మాత్రం కొర్రమీను పేరెత్తాకే. అది గుడ్లు పెట్టేది గట్టు పక్కన లోతు తక్కువగా ఉండే నాచు, జమ్ముల మధ్యనే.

నేను గట్టిగా పట్టుబట్టింది మురుగు కాలువ మూతి దగ్గర. అక్కడి జమ్మును ముట్టుకోవద్దన్నాను. దాని వేళ్ళ చుట్టూ కొంచెం ఆక్సిజన్ చేరుతుంది, అక్కడ బతికే బాక్టీరియా మురుగును కుళ్ళబెట్టి తేలిక చేస్తుంది. నత్రజని, భాస్వరం మొక్క పీల్చుకుంటుంది. మురుగు నీటిని శుభ్రం చెయ్యడానికి చాలా దేశాల్లో జమ్మును కావాలని నాటుతారు. మనకు పైసా ఖర్చు లేకుండా అదే మొలిచింది. అయితే ఏటా కోసి బయటికి మొయ్యాలి. కొయ్యకపోతే ఆకు అక్కడే కుళ్ళి, పీల్చుకున్నదంతా తిరిగి నీళ్ళలోకే పోతుంది.

కోసిందాన్ని ఏం చేస్తారని అడిగాడు. ఈ ప్రశ్న మా నాయనమ్మ వింటే ఎంత బాధపడేదో. ఆవిడ ఆకును నీడలో ఆరబెట్టి, అల్లే ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరిచి చాపలు అల్లేది. వేసవిలో ఆ చాప మీద పడుకుంటే ఒంటికి చల్లగా ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా పశువుల శాల కప్పు ఎగిరిపోతే నాన్న ఈ చెరువు జమ్మే కోసి కప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బూరుగు దూది దొరక్క అమెరికాలో ఈ కంకుల దూదినే లైఫ్ జాకెట్లలో కూరారు. సింధ్‌లో దీని పుప్పొడితో మిఠాయి చేస్తారు. మురుగులో పెరిగినదాన్ని మాత్రం మనమూ తినకూడదు, పశువులకూ వెయ్యకూడదు. చాపలకు, కప్పులకు, కంపోస్టుకు బాగా పనికొస్తుంది.

సాయంత్రం రచ్చబండ దగ్గర మళ్ళీ మాట్లాడుకున్నాం. ఒకరిద్దరు జేసీబీయే నయమన్నారు, త్వరగా తేలిపోతుందని. చివరికి చిన్నాన్నే సర్దిచెప్పాడు. తూము ముందు, రేవు దగ్గర మాత్రం ఇప్పుడు పూడిక తీయిస్తారు. గట్టు పొడవునా ఉన్నదాన్ని మే నెలాఖరులో కొడవళ్ళతో కోయిస్తారు. మురుగు మూతి దగ్గర వదిలేస్తారు. తూముకూ జమ్ముకూ మధ్య ఎంత దూరం ఉండాలన్నది తేలలేదు. బుధవారం మళ్ళీ గట్టు మీదికెళ్ళి తాడు పట్టి కొలవాలి. ఇంటికొచ్చేసరికి పిన్ని ఫోన్: కోత మొదలైతే మంచి పొడుగు ఆకు రెండు మోపులు తనకు తీసి ఉంచాలట, గట్టు వైపుది.