చిక్కుడుకాయలు, శాలరీ క్యాప్

శనివారం, మార్చి రెండో వారం

పొద్దున టిఫిన్లు అయ్యాక చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఎదురుగా సోఫాలో మావాడు మ్యాడెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడుతున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మా, శాలరీ క్యాప్ ఆఫ్ చేసేశా!" అని అరిచాడు. శాలరీ క్యాప్ అంటే ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ళ జీతాలకి ఇంతకి మించి ఖర్చు పెట్టకూడదనే హద్దు. చూస్తే పేరున్న ఆటగాళ్ళందరినీ వరసపెట్టి మా డల్లాస్ జట్టు కౌబాయ్స్‌లోకి లాగేస్తున్నాడు.

"నిజంగా కూడా క్యాప్ తీసేస్తే ఎంత బావుంటుందో కదమ్మా?"

"తీసేశారు నాన్నా, ఒక ఏడాది. నువ్వింకా పుట్టలేదు" అన్నాను. నమ్మలేదు. గేమ్ ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతికి నాలుగు కాయలిచ్చి చెప్పడం మొదలుపెట్టాను.

2010లో మేము ఇర్వింగ్‌లో, వ్యాలీ రాంచ్‌లో ఉండేవాళ్ళం. కౌబాయ్స్ ప్రాక్టీసు అప్పట్లో అక్కడే. 2016లో కదా వాళ్ళు ఫ్రిస్కోకి మారింది. ఆట నియమాలు నాకు సగమే తెలుసు గానీ, లెక్కలు చూసే ఉద్యోగం కాబట్టి డబ్బు సంగతులు మాత్రం వదలకుండా చదివేదాన్ని. 1994లో ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఈ ఆట పెద్ద లీగ్‌లో, క్యాప్ మొదలైనప్పుడు జట్టుకి 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2009కి 12 కోట్లు దాటింది. ఆటగాళ్ళ సంఘంతో 2006లో చేసుకున్న ఒప్పందం గిట్టుబాటు కావట్లేదని ఓనర్లు 2008లోనే తెంచుకున్నారు. అలా తెంచుకుంటే ఆఖరి ఏడాదికి, అంటే 2010కి, క్యాప్ ఉండదని అందులో ముందే రాసుంది. ఆ భయంతోనైనా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారని అలా పెట్టుకున్నారు. మాట్లాడుకోలేదు.

అందరూ నీలాగే అనుకున్నార్రా, డల్లాస్, వాషింగ్టన్ లాంటి డబ్బున్న జట్లు అందరినీ కొనేస్తాయని. కానీ ఆ ఒప్పందంలో ఇంకో మెలిక ఉంది. పైన హద్దు పోతే కింద హద్దూ పోతుంది. క్యాప్ ఉన్నప్పుడు ఏ జట్టయినా జీతాలకి కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలి, 2009లో అది 10 కోట్ల పైనే. 2010లో ఆ కనీసమూ లేదు. ఖర్చు తగ్గించుకున్న జట్లు బోలెడు. టాంపా బే అలాంటిదే. అయినా పదహారు ఆటల్లో పది గెలిచింది, అది కూడా చెప్పాలి.

నాకు అప్పుడూ ఇప్పుడూ బాధనిపించేది ఇంకోటుంది. మామూలుగా నాలుగేళ్ళు ఆడి, కాంట్రాక్టు అయిపోయినవాడు తనకి నచ్చిన జట్టుకి వెళ్ళొచ్చు. క్యాప్ లేని ఏడాది మాత్రం ఆరేళ్ళు ఉండాలన్నారు. నాలుగేళ్ళూ ఐదేళ్ళూ పూర్తయి, ఇక మన టైమొచ్చిందని చూసుకుంటున్నవాళ్ళు రెండొందల మందికి పైగా అక్కడే ఆగిపోయారు. ఒళ్ళు హూనమయ్యే ఆట అది. మోకాలు ఎప్పుడు పోతుందో ఎవడికీ తెలీదు. అలాంటి ఆటలో రెండేళ్ళు ఆగమంటే?

మైల్స్ ఆస్టిన్ కథ చెప్పాను వాడికి. డ్రాఫ్టులో, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోని కుర్రాడు. 2006లో కౌబాయ్స్‌లో చేరి, మూడేళ్ళు ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. 2009 అక్టోబరులో కాన్సస్ సిటీ మీద మొదటిసారి ఆట మొదట్నుంచీ దిగి, ఒక్క ఆటలో పాసులు పట్టి 250 గజాలు సాధించాడు, కౌబాయ్స్ చరిత్రలోనే రికార్డు. పాత రూలయితే ఆ సీజన్ అవగానే స్వేచ్ఛ. కొత్త రూల్ ప్రకారం ఇంకో జట్టు తీసుకోవాలంటే కౌబాయ్స్‌కి డ్రాఫ్టులో తమ మొదటి రౌండ్ వంతు ఒకటి, మూడో రౌండ్ వంతు ఒకటి ఇచ్చుకోవాలి. ఎవరిస్తారు?

ఇది ఇంతగా గుర్తుండడానికి నా కారణం నాకుంది. అదే ఏడాది మా కంపెనీ లేఆఫ్‌లు చేశామని చెప్పి నా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ వాయిదా వేసింది. హెచ్1బి కూడా ఆరేళ్ళే కదా. రాత్రిళ్ళు నిద్ర పట్టక వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకునేదాన్ని. పేపర్లో ఆ ఆరేళ్ళ రూలు చదివినప్పుడు, కోట్లు సంపాదించేవాళ్ళ మీద నాకు జాలేంటి అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వాకిట్లోకొచ్చాక తలుపు మూసుకోవడం ఎవరికైనా ఒకటే.

"మరి ఆస్టిన్ ఏమయ్యాడు?"

సీజన్ మొదలయ్యే ముందు కౌబాయ్స్ కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. ఒక్క 2010కే కోటీ 70 లక్షల డాలర్లు. క్యాప్ లేదు కాబట్టి ఉన్నదంతా ఆ ఏడాదే కుమ్మరించేశారు. లీగ్ ఆ కాంట్రాక్టుని ఆమోదించింది కూడా. తర్వాత 2012 మార్చిలో అదే లీగ్, క్యాప్ లేని ఏడాదిని వాడుకున్నారని చెప్పి కౌబాయ్స్ క్యాప్‌లో కోటి డాలర్లు, వాషింగ్టన్ క్యాప్‌లో 3 కోట్ల 60 లక్షలు కోసేసింది. రెండు జట్లూ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాయి, ఓడిపోయాయి. లేని రూలుకి శిక్షేంటని నాకు ఇప్పటికీ మండుతుంది.

"ఆ ఏడాది మనం గెలిచామా?" అదీ వాడికి కావాల్సింది. ఎక్కడ! డల్లాస్ ఆరు గెలిచి పది ఓడింది, వాషింగ్టన్ కూడా అంతే. సూపర్ బౌల్, అంటే ఆ సీజన్ ఫైనల్, మన ఆర్లింగ్టన్ స్టేడియంలోనే జరిగింది. గెలిచింది మాత్రం గ్రీన్ బే, పిట్స్‌బర్గ్ మీద 31-25. లక్ష మంది ఉండే ఊరు, కోటీశ్వరుడైన ఓనరంటూ లేని జట్టు. ఆ ఆట అయిన నెలకే లాకౌట్, అంటే ఒప్పందం లేక ఓనర్లు ఆటగాళ్ళని బయటే ఆపేశారు. జులైలో ఒప్పందం కుదిరాక, క్యాప్ మళ్ళీ 12 కోట్ల దగ్గరే వచ్చి కూర్చుంది. క్యాప్ ఒకసారి పోతే ఆటగాళ్ళు దాన్ని మళ్ళీ రానివ్వరు అనేవాడు సంఘం నాయకుడు జీన్ అప్‌షా. 2008లో పోయాడు పాపం, ఇదంతా చూడలేదు.

మావాడు ఒక చిక్కుడుకాయని మధ్యకి విరిచి, "ఆస్టిన్ సరే. మిగతా రెండొందల మంది?" అన్నాడు.

పోపు వేస్తూ ఆలోచించాను. ఆవాలు చిటపటలాడాయి, కరివేపాకు వేశాను, ముక్కలు వేసి మూత పెట్టాను. సాయంత్రం బట్టలు మడతపెడుతూ కూడా అదే ఆలోచన. ఆ వేసవిలో రోజూ పేపర్లో చదివిన పేర్లే. ఒక్కటీ గుర్తుకు రావట్లేదు.