యూనియన్ మీటింగు ఎన్నింటికి?

ఒక యూనియన్‌లో ఎవరికి చోటుందో తెలుసుకోవడానికి దాని తీర్మానాలు చదవనక్కర్లేదు. జనరల్ బాడీ, అంటే సభ్యులందరి సమావేశం, ఎన్నింటికి పెడుతున్నారో అడిగితే చాలు. సాయంత్రం ఆరింటికి అన్నారనుకోండి. జనరల్ షిఫ్టు దిగి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సిన ఆడమనిషి రాదు. రెండో షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు కుర్రాడు రాలేడు. తెల్లవారకముందే చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికురాలికి అప్పటికే కళ్లు మూతలు పడుతుంటాయి. వచ్చేది ఎప్పుడూ వచ్చే ఆ ముప్పై మందే. ఆ తర్వాత "ఆడవాళ్లకు యూనియన్ మీద ఆసక్తి లేదండీ" అని తేల్చేస్తారు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. అజెండా ఒకటే, సమావేశం రెండు పూటలా. షిఫ్టు మారే మధ్యాహ్నం రెండింటికి గేటు దగ్గర ఒకటి, సాయంత్రం ఆఫీసులో ఒకటి. ఓటింగు ఉంటే రెండు చోట్లా పెట్టె పెట్టి, లెక్కింపు మాత్రం చివర్లో ఒకేసారి చేయాలి. అయితే ముందుగా యూనియన్ నిబంధనావళి చూసుకోండి. కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఒకే సమావేశంలో ఉండాలని రాసి ఉంటే, ఓడినవాళ్లు మర్నాడే ఆ ఎన్నిక చెల్లదంటారు. సవరణ ముందు, రెండు పూటల సమావేశం తర్వాత. అన్నట్టు, యూనియన్ ఆఫీసులో తలుపు పడే మరుగుదొడ్డి ఉందో లేదో కూడా చూడండి. మహిళా విభాగం బ్యానరు కంటే దాని అవసరం ఎక్కువ.

ఈ పట్టింపు లేకపోతే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ తేయాకు తోటలు చూపించాయి. ఆకు కోసేది ఆడవాళ్లు, ఎక్కువమంది తమిళ దళిత కుటుంబాల వాళ్లు. యూనియన్ల నాయకత్వం మగవాళ్లది. అంతకుముందు 19 శాతం ఉన్న బోనస్ 10 శాతానికి పడిపోతే, ఆ ఆడవాళ్లు జెండాలేవీ లేకుండా వేలల్లో రోడ్డెక్కారు. 20 శాతం ఇవ్వాలన్నారు, యూనియన్ నాయకులను దగ్గరకు రానివ్వలేదు. తొమ్మిది రోజుల్లో 8.33 శాతం బోనస్‌గా, మిగతాది ఎక్స్‌గ్రేషియాగా (బోనస్ పేరు లేకుండా అదనంగా ఇచ్చే సొమ్ము), మొత్తం 20 శాతం సాధించుకున్నారు. పెంబిలై ఒరుమై (ఆడవాళ్ల ఐక్యత) అంటే అదే. నా దృష్టిలో ఆ తొమ్మిది రోజులు యాజమాన్యానికి ఎంత ఓటమో, అక్కడి యూనియన్లకూ అంతే ఓటమి.

అసలు తలుపులు మూసేది నిబంధనావళిలోని చిన్న అక్షరాలు. చాలాచోట్ల కనిపించే షరతు ఒకటుంది: పోటీ చేయాలంటే బకాయి లేకుండా వరసగా రెండేళ్లు సభ్యత్వం ఉండాలి, మూడు నెలలు చందా కట్టకపోతే పేరు కొట్టేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 26 వారాల ప్రసూతి సెలవులో ఉన్న మనిషి దగ్గరికి చందా పుస్తకం ఎవరు పట్టుకెళ్తారు? కాంట్రాక్టరు మారితే పాత సభ్యత్వం కొనసాగుతుందా? వానాకాలంలో ఒడిశా వెళ్లి వచ్చిన ఇటుక బట్టీ కార్మికుడి సంగతేమిటి? ముగ్గురూ లెక్కప్రకారం బకాయిదారులే. ఈ నిబంధనకు ఒక్క వాక్యం కలపాలి: ప్రసూతి సెలవు, దీర్ఘకాల అనారోగ్యం, కాంట్రాక్టు మార్పు, సీజను విరామం వల్ల చందా ఆగితే సభ్యత్వం తెగదు, తిరిగి వచ్చాక రెండు వాయిదాల్లో కట్టొచ్చు. జనరల్ బాడీ ఆమోదించాక సవరణ ప్రతిని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు పంపాలి. ఇది మరిచిపోయిన సవరణ ఎన్నికల వేళ కాగితం ముక్కే అవుతుంది.

కాంట్రాక్టు కార్మికులను పట్టించుకోకపోవడానికి మనసు లేకపోవడమొక్కటే కారణం కాదు, అంకగణితం కూడా ఉంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 ప్రకారం ఒకటికి మించి యూనియన్లు ఉన్నచోట, సంస్థ మస్టర్ రోల్‌లోని (హాజరు పట్టీలోని) కార్మికుల్లో 51 శాతం, ఆపైన మద్దతున్న యూనియనే యాజమాన్యంతో మాట్లాడే ఏకైక చర్చల సంఘం. కాంట్రాక్టు కార్మికుడి పేరుండేది కాంట్రాక్టరు మస్టర్‌లో. అంటే వాళ్లెంతమంది చేరినా ఆ 51 దగ్గర అక్కరకు రారు. సింగరేణిలో 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగితే, ఓటు పర్మినెంటు కార్మికులకే. ఓటు లేనివాళ్ల డిమాండు చార్టరులో చివరి పేజీకి జారుతుంది. అందుకే కాంట్రాక్టు వాళ్లకు కార్యవర్గంలో ఓటుతో సహా స్థానాలు నిబంధనల్లోనే రాయాలి, "ఆహ్వానితులు"గా కుర్చీ వేస్తే సరిపోదు. పర్మినెంటు వాళ్ల చందా జీతంలోనే కోతపడుతుంది. వీళ్ల దగ్గర మాత్రం కూలి అందిన రోజునే, రసీదిచ్చి తీసుకోవాలి. వారం దాటితే ఆ డబ్బు కిరాణా కొట్టుకు వెళ్లిపోతుంది.

స్థానాల విషయంలో ఇంకో కిటుకు. పదిహేను మంది కార్యవర్గంలో ఒక్క మహిళను పెట్టి "సహాయ కార్యదర్శి" అంటే ఆమె చేసేది ఫొటోలో నిలబడటం. ఇద్దరు ముగ్గురైనా ఉండాలి, అందులో ఒకరు కోశాధికారో కార్యదర్శో కావాలి, యాజమాన్యంతో చర్చలకు వెళ్లే బృందంలో ఉండాలి. పైన చెప్పిన కోడ్ కూడా కొంత సాయం చేస్తుంది. 20 మంది, ఆపైన కార్మికులున్నచోట ఉండాల్సిన ఫిర్యాదుల పరిష్కార కమిటీలో గరిష్ఠంగా పదిమంది ఉంటారు, అందులో మహిళల వాటా మొత్తం కార్మికుల్లో వాళ్ల వాటాకు తగ్గకూడదు. 400 మందిలో 120 మంది ఆడవాళ్లుంటే పదిమంది కమిటీలో కనీసం ముగ్గురు. మన వైపు పేర్లన్నీ మగవాళ్లవే ఇస్తే ఆ ముగ్గురినీ మేనేజ్‌మెంటే ఎంచుకుంటుంది. ఆ తర్వాత గొంతు చించుకుని లాభం లేదు.

కులం దగ్గర మాత్రం అందరూ నేల చూపులు చూస్తారు. బొంబాయి బట్టల మిల్లుల్లో దళితులకు నేత విభాగంలో పని ఉండేది కాదు. నూలు తెగితే నోటితో తడిపి అతకాలి, ఆ ఎంగిలి తమకు అంటుతుందని సాటి కార్మికుల అభ్యంతరం. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో అంబేద్కర్ దీన్ని ఎత్తిచూపారు. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే (పట్టాల పని చేసే కూలీగానే) మిగిలిపోతున్నాడని కూడా చెప్పారు. ఇప్పుడు యూనియన్ చేయగలిగింది ఏమిటంటే, ఎవరినీ కులం అడగకుండా విభాగాలవారీగా పట్టిక వేయడం: ఏ సెక్షన్‌లో ఎందరు సభ్యులు, అక్కడినుంచి కార్యవర్గంలో ఎందరు, పదేళ్లలో ప్రమోషన్ ఎందరికి. డ్రైనేజీ, ఊడ్పు, లోడింగు వరసల్లో సున్నాలు కనబడితే మిగతాది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు యూనియన్ నాయకుడి మీదే వచ్చినప్పుడు అసలు పరీక్ష. మామూలుగా జరిగేది "ఇంటి గొడవ, మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం అక్కా" అనడం. రెండు నెలలు అలా గడిచిపోతాయి. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం చివరి సంఘటన నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటేనే మరో మూడు నెలలు. రాజీ మాటలు ఆ గడువును తినేస్తాయి. పైగా చట్టంలోనూ రాజీ ఆమె అడిగితేనే, డబ్బు దానికి ఆధారం కాకూడదు. కాబట్టి నిబంధనావళిలో రెండు మాటలు ఉండాలి: ఆరోపణ వచ్చిన పదాధికారి విచారణ ముగిసేదాకా పక్కకు తప్పుకోవాలి, ఫిర్యాదు రాయడానికి, తోడు వెళ్లడానికి యూనియన్ ఒక మనిషిని ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి.

ఇక భాష. హైదరాబాద్ నిర్మాణ సైట్లలో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్లకు తెలుగు కరపత్రం పంచడం కాగితం దండగ. చదువు రానివాళ్లకు వాళ్ల భాషలో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ నయం. అనువాదానికి మేస్త్రీని మాత్రం పిలవకండి. కూలీ బకాయి గురించి మీరన్న మాట అతని నోట్లో వేరే మాట అయిపోతుంది, ఎందుకంటే ఆ బకాయి ఉన్నది చాలాసార్లు అతని దగ్గరే. వాళ్లలోంచే ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు ఊరెళ్లినా రెండోవారు ఉంటారు.