లీడ్ల లెక్క వేరు, బండి అమ్మిన లెక్క వేరు

కార్ల సైటు ప్యాకేజీ అమ్మడానికి షాపుకొచ్చే కుర్రాడు నెలకి ఇన్ని లీడ్లు, అంటే బండి కోసం అడిగేవాళ్ల కాల్స్, నంబర్లు, వస్తాయని చెప్తాడు. తిరుపతి, చిత్తూరు సెకండ్ హ్యాండ్ డీలర్లు అతన్ని ముందు అడగాల్సింది ఒక్కటే: అందులో ఏపీవాళ్లు ఎందరు?

సైటుకి కిలోమీటర్లే తెలుసు, రాష్ట్ర సరిహద్దు తెలీదు. చిత్తూరులో పెట్టిన బండి వేలూరువాళ్లకి 'మీకు దగ్గర్లో' అని కనిపిస్తుంది. తిరుపతిలో పెట్టింది చెన్నైదాకా పోతుంది. ఫోన్లు బాగానే మోగుతాయి. కానీ ఏపీ39 నంబరు బండి తమిళనాడుకి మారాలంటే ఇక్కడ ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అక్కడ కొత్త నంబరు, పైగా అక్కడి లైఫ్ ట్యాక్సు. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే ముందు ఫారం 35తో ఆ హైపోతికేషన్ (అప్పిచ్చినవాళ్ల పేరు) తీయించాలి. ఇదంతా చెప్పేలోపే అవతలివాళ్లు 'మళ్లీ చేస్తా సార్' అని పెట్టేస్తారు. ఆ ఫోన్ కాల్ కూడా మన ప్యాకేజీలో ఒక లీడే. 'దర్శనానికి వచ్చినప్పుడు చూస్తాం' అనేవాళ్లు ఇంకో రకం. కొండకి వస్తారు, షాపుకి రారు.

లెక్క ఇలా వేసి చూడండి. మూడు నెలల ప్యాకేజీ 18,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 21,240 రూపాయలు. 150 లీడ్లు వచ్చాయనుకుందాం. లీడుకి 142 రూపాయలే కదా అంటాడు కుర్రాడు. స్విచ్ఛాఫ్ నంబర్లు, ఒకే మనిషి రెండుమూడు సార్లు నొక్కినవి, పక్క రాష్ట్రాలవి తీసేస్తే నలభై మిగలొచ్చు. షాపుకొచ్చి బండి చూసేది ఆరుగురు, కొనేది ఇద్దరైతే బండికి 10,620 పడినట్టు. ఇది మార్జిన్‌లోంచే పోవాలి. పాత బండికి జీఎస్టీ వేసే మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయగా మిగిలేది, ప్రకటన ఖర్చు అందులో తగ్గించుకోవడానికి లేదు. చిన్న కార్లకి 12 శాతం ఉన్న పన్ను 2025 జనవరిలో 18 అయింది కాబట్టి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ప్యాకేజీ ఎప్పుడు మొదలుపెడుతున్నారో కూడా చూసుకోవాలి. ఆషాఢంలోనో మూఢంలోనో మొదలైతే రోజులు కరిగిపోతాయి, డెలివరీ తీసుకునేవాడు ఉండడు. మధ్యలో ఆపుకునే వీలుందా, చచ్చిన నంబర్లకి బదులిస్తారా, ఒకే లీడును ఎంతమంది డీలర్లకి పంపుతారు, బండి అమ్ముడైతే ఆ ఖాళీలో ఇంకోటి పెట్టుకోవచ్చా అన్నవి మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట చెప్పినతను రెండు నెలల్లో ఇంకో కంపెనీలో ఉంటాడు. ఆటోపే పెట్టించుకుంటే డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది ఆర్బీఐ నిబంధన. అది చూడగానే వద్దనుకుంటే యూపీఐ యాప్‌లో మ్యాండేట్ (ఆటోపేకి ఇచ్చిన అనుమతి) రద్దు చేయండి, సైటువాళ్లకి ఫోన్ చేస్తూ కూర్చోవద్దు.

ఇక ప్రకటన. మొదటి లైన్లోనే 'తిరుపతి ఆర్సీ, ఏపీ ట్రాన్స్‌ఫర్ మాత్రమే' అని రాయండి. ఏపీ03 అంటే చిత్తూరు బండని ఇట్టే తెలిసేది, 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ కాబట్టి ఊరు రాయకపోతే ఎవరికీ తెలీదు. ఈ లైనుతో కాల్స్ తగ్గుతాయి, తగ్గాలి కూడా. నాలుగు టైర్ల మీదా తయారీ తేదీ దగ్గరగా ఫోటో తీయండి: 2322 అని ఉంటే 2022లో 23వ వారం. బండి 2022ది, టైరు 2018ది అయితే ఆ మాట మీరే ముందు రాయండి. లేకపోతే అంతదూరం వచ్చి చూసినవాడు దాన్ని పట్టుకునే ఇరవై వేలు తగ్గించమంటాడు.

షాపు పేరు ఫోటోలో మూలకి వేస్తే లాభం లేదు, కత్తిరించేస్తారు. డోరు మీదుగా అడ్డంగా వేయండి. మీ ఫోటోలే ఎత్తుకెళ్లి, మిలిటరీ ఆఫీసర్ బండి అని చెప్పి తక్కువ ధరకి పెట్టి టోకెన్ వసూలు చేసే మోసగాళ్లున్నారు. డబ్బు పోయినవాడు చివరికి మీ షాపుకే వస్తాడు.

టోకెన్ తీసుకున్న రోజే ప్రకటన దించేయండి. అమ్ముడైన బండికి వచ్చే కాల్స్‌ని కూడా సైటు లీడ్లలోనే కలుపుతుంది.